మాతకు నేసిన చీర

చింతలకుప్పం, నగరి దగ్గర
జూన్ 12

ఏమే ఆరోగ్యం,

‘సిస్టర్ ఆరోగ్యమేరి గారికి’ అని మొదలుపెట్టాలని చూశాను, చెయ్యి రాలేదు. రెండో తరగతిలో నా పలక పగలగొట్టి, పైగా నామీదే టీచరుకు చెప్పినదాన్ని గారు అని పిలవడం నావల్ల కాదు. మఠంలో ఈ ఏడాదంతా ఫోను ముట్టకూడదట, వచ్చిన ఉత్తరాలు కూడా ఆదివారమే చేతికిస్తారట, మీ అమ్మ చెప్పింది. ఊరంతా వీడియో కాల్‌లో మాట్లాడుకునే కాలంలో నేను నగరి పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కున్నాను. అంతా నీ పుణ్యమే.

ఇక అసలు సంగతి. నాకు ఐదో నెల. పోయిన రెండుసార్లూ మూడో నెలలోనే జారిపోయింది కదా, అందుకే ఈసారి కడుపు కనబడేదాకా నోరు విప్పలేదు. నీకూ చెప్పలేదని అలగొద్దు. మా అత్త చెంగమ్మ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. ఆమె కూడా ఈసారి గట్టిగా నోరు మూసుకుని కూర్చుంది.

మన ఊరి చర్చిలోని ఆరోగ్య మాతకు మొక్కుకున్నాను. మీవాళ్ళు క్రైస్తవులు, మేము హిందువులం, అయినా సెప్టెంబరు పండక్కి మాతకు కట్టే చీర మా మామగారి తాతల కాలం నుంచీ మా మగ్గం మీదే దిగాలి. ఇన్నేళ్ళూ అత్త నేసింది. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు పోయి మగ్గం గుంటలోకి దిగలేదు. ఈ ఏడు తెల్లచీర, నీలం అంచు, మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా నేనే నేస్తాను. గుడి ముందున్న జెండా స్తంభానికి, అదే కొడికంబానికి, మాత జెండా ఎక్కిన రోజు కంకణం కట్టుకుని, అది దిగేదాకా పొలిమేర దాటను. గంగజాతరకు చాటింపు వేశాక ఎవరూ ఊరు దాటరు కదా, అదే నియమం. “గంగమ్మకు ఒక నాయం, మాతకు ఒక నాయమా? ఇద్దురూ అమ్మలే కదమ్మే” అంది అత్త.

మీ అమ్మ చిన్నప్పుడు మనిద్దరికీ జపమాల నేర్పేటప్పుడు ఒక మాట చెప్పేది. దూత వచ్చి నీకు బిడ్డ పుడతాడంటే మాత ఏమన్నదో, ఆ మాట. అది రాసి పంపు. మగ్గం ఎదుట గోడకు అంటించుకుంటాను.

నీ నుంచి పలక బాకీ ఇంకా రాని
ఉదయ

&nbsp;

పాకాల
జూన్ 22

ఉదయా,

నీ ఉత్తరం గుడిలో కూర్చుని చదివాను. నవ్వు ఆగక, ఏడుపు ఆగక, పక్కన ఉన్న సిస్టర్ నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది. జంక్షన్‌లో రైలు కూత వినబడినప్పుడల్లా ఎక్కి నీ దగ్గరికి వచ్చేయాలని ఉంది.

నువ్వడిగిన మాట ఇదీ. “నేను ప్రభువు దాసిని. నీ మాట ప్రకారం నాకు జరుగుగాక.” అప్పుడు ఆమెకు మన పదో తరగతి పిల్లల వయసు ఉంటుందేమో. అంత భయంలో అంత నెమ్మది ఎలా వచ్చిందే ఆమెకు? ఈ వారమంతా మదర్ మాకు ఈ వాక్యం మీదే ధ్యానం పెట్టారు. నమ్మడం అంటే అమ్మ చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడటం అని నాకు అర్థమైంది. నువ్వూ అలాగే కదలకుండా నిలబడు. మాత నీ చెయ్యి వదలదు.

కంకణం, పొలిమేర అనేవి మా బైబిల్లో లేవు గానీ, నువ్వు ప్రేమతో చేసే పనిని మాత కాదంటుందా? నెలనెలా పరీక్షకు మాత్రం పోవాలి. మాత్రలు మింగాలి. నాలుగేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసిన నోరు, ఊరుకోదు.

రోజూ నీ పేరు చెప్పి మోకరించే
ఆరోగ్యం

&nbsp;

చింతలకుప్పం
జూలై 20

ఆరోగ్యం,

మాట గోడకెక్కింది. నువ్వు రాసిన “కదలకుండా నిలబడు” కూడా దాని కిందే అంటించాను. మా ఆయన మురుగేష్ చూసి, “మగ్గంలో కూసున్నదానికి నిలబడమని రాసిందే మీ సిస్టరమ్మ” అని నవ్వాడు. పగలంతా నగరిలో పవర్‌లూమ్ షెడ్డులో ఆ మోతలో ఉండి వస్తాడు కదా, ఇంట్లో చేతిమగ్గం చప్పుడు వింటే నిద్ర వస్తుందట.

మగ్గానికి పడుగు పోగులు ఎక్కించాను. అంచు నీలం నువ్వు చూడాలి. వానకు ముందు కైలాసకోన వైపు కొండలు ఉంటాయే, ఆ నీలం. రోజుకు జానెడు నేస్తే ఎక్కువ, అంతకు మించి కూర్చోలేను. కాళ్ళు బాగా వాచాయి. గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఎవరికి వాయవు? మా అత్తకు ముప్పై ఏళ్ళు వాచాయి. మెట్టెలు వేళ్ళలోకి దిగబడితే సబ్బు రాసి లాగింది. ఒకటి రాలేదు, కంసాలి దగ్గర కత్తిరించాల్సి వచ్చింది. “కాళ్ళు వాస్తే మగబిడ్డే, రాసిపెట్టుకో” అంటుంది.

పోగులు చూసీ చూసీ సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఆశా కార్యకర్త గురవమ్మ వచ్చి చేతికి పట్టీ చుట్టి ఏదో చూసి పోయింది. మూతి ముడుచుకునే ఉంది, ఆమె మూతి ఎప్పుడూ అంతే కదా.

పోగు పట్టుకుని నాడె ఇటు నుంచి అటు పోయినప్పుడల్లా లోపల బిడ్డ తంతుంది. నేతగాళ్ళ బిడ్డ మరి.

ఉదయ

&nbsp;

పాకాల
జూలై 27

ఉదయా,

ఈ ఉత్తరంలో ముచ్చట్లు లేవు. నేనడిగిన వాటికి మాత్రమే జవాబు రాయి.

గురవమ్మ పట్టీ చుట్టి చూసింది బీపీ. ఎంత ఉందని చెప్పింది? మూత్రం పరీక్ష చేశారా? పొద్దున్న లేవగానే ముఖం, కళ్ళ కింద కూడా వాపు ఉందా? తలనొప్పి మాత్ర వేసుకున్నా తగ్గడం లేదా?

గుంట మగ్గం వల్ల కాళ్ళు వాస్తాయి, నిజమే. మెట్టె కత్తిరించేంతగా వాయవు. నాకు నిద్ర పట్టడం లేదు. వెంటనే రాయి.

ఆరోగ్యం

&nbsp;

చింతలకుప్పం
ఆగస్టు 10

సిస్టరమ్మ గారికి,

చూడు, కోపం వచ్చినప్పుడు గారు ఎంత సులువుగా వస్తుందో. ఉద్యోగం వదిలావు గానీ నర్సు బుద్ధి వదల్లేదు. నాలుగు ప్రశ్నలు రాసి జవాబు రాయమంటావా? నేనేమైనా నీ వార్డులో మంచం నంబరునా?

బాగానే ఉన్నాను. చీర సగం దిగింది. మొన్న ఒక పొరపాటు జరిగింది. ఒక పోగు రెండుగా కనబడి అంచు జానెడు దూరం వంకర పోయింది. విప్పి మళ్ళీ నేద్దామంటే చేతులు మొద్దుబారి ముడి పట్టు దొరకలేదు. అత్త వేలితో తడిమి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, అందుకు కొంచెం భయమేసింది.

ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నదాన్నే నేను. ఆ రెండుసార్లూ ఆసుపత్రి చుట్టూ తిరిగాను, చెప్పిన మాత్రలన్నీ మింగాను. ఏమి మిగిలింది? ఈసారి అమ్మను పట్టుకున్నాను. ఆమె చూసుకుంటుంది. నన్ను బెదరగొట్టొద్దు.

ఉదయలక్ష్మి

&nbsp;

పాకాల
ఆగస్టు 17

ఉదయా,

తిట్టు. ఎంతైనా తిట్టు, పడతాను. నేనడిగిన ఒక్కదానికీ జవాబు రాలేదు, అదే నాకు జవాబుగా కనబడుతోంది. కాళ్ళు పట్టుకుంటాను, ఈ వారమే తిరుపతి పెద్దాసుపత్రికి పోయి చూపించుకో. జెండా ఎక్కడానికి ఇంకా రోజులున్నాయి, చూపించుకుని వచ్చి కంకణం కట్టుకోవచ్చు.

ఆరోగ్యం

&nbsp;

చింతలకుప్పం
ఆగస్టు 27

ఆరోగ్యం,

ఎల్లుండి జెండా ఎక్కుతుంది. ఇది నీ చేతికి అందేసరికి నా చేతికి కంకణం ఉంటుంది. ఇక దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు రాస్తే నువ్వు ఆపలేవని కూడా రాస్తున్నాను.

జూలైలోనే గురవమ్మ బీపీ నూట యాభై అంది. నిన్న నూట డెబ్బై. “మే, ఈ పొద్దే తిరుపతికి పోదాం పా, నూటెనిమిదిని పిలుస్తా” అని వాకిట్లో కూర్చుని ఏడ్చింది. నేను రానన్నాను. పోతే ఊరికే పంపరు, అక్కడే పడుకోబెడతారు. జెండా ఎక్కేటప్పుడు నేను ఊళ్ళో ఉండను. చీర మగ్గం మీద ఉండిపోతుంది. మొక్కు చెడిపోతే ఈ బిడ్డ నిలుస్తుందా? మురుగేష్ నా ముఖం చూస్తాడు, వాళ్ళమ్మ ముఖం చూస్తాడు, చెప్పులేసుకుని బయటికి పోతాడు.

ఇంకో సంగతి. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మాత నాకు కనబడుతోందే. నిజం. నాలుగు రోజుల నుంచి కళ్ళ పక్కన వెలుగు చుక్కలు వస్తున్నాయి, జరీ పోగులు తెంచి గాలిలో చల్లినట్టు. కళ్ళు మూసుకున్నా పోవు. ఆ వెలుగు వచ్చినప్పుడు రొమ్ము కింద పట్టేసినట్టు నొప్పి కూడా వస్తుంది. మాత గుండెలో కత్తి దిగిందని మీ అమ్మ పటంలో చూపించేది కదా, నాకూ అందులో కాస్త పంచుతోందేమో అనుకున్నాను.

నువ్వే రాశావు. కదలకుండా నిలబడమని, మాత చెయ్యి వదలదని. గోడ మీద నీ చేతిరాతతోనే ఉంది. ఇప్పుడు నువ్వే వద్దంటే నేను ఏ ఆరోగ్యాన్ని నమ్మాలి?

ఉదయ

&nbsp;

పాకాల
ఆగస్టు 31, ఆదివారం

చింతలకుప్పంలో కొలువున్న ఆరోగ్య మాత పాదాలకు,

అమ్మా, నీ నవదిన జపాల్లో భక్తుల విన్నపాలను, ప్రార్థనలు నడిపించే ఉపదేశి బాలచంద్ర గారు సాయంత్రం పూట అందరికీ వినబడేలా చదువుతారు. అందుకే ఈ ఉత్తరం నా స్నేహితురాలికి కాకుండా నీకు రాసి స్పీడుపోస్టులో పంపుతున్నాను. ఉపదేశి గారూ, పేర్లు తీసేయకుండా చదవండి. రేపటికి దాచకుండా, అందిన సాయంత్రమే చదవండి.

ఈ రోజు మదర్ కాళ్ళ మీద పడి ఫోను అడిగి తీసుకున్నాను. ఉదయలక్ష్మి ఫోను కట్టేసి ఉంది. మురుగేష్‌కు చేస్తే చెంగమ్మత్త ఎత్తింది. “బాగుండాది మే, మగ్గంలో ఉండాది. నువ్వు జపం చేసుకో, ఈడ మేమంతా ఉండాము కదా” అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. మా అమ్మ దగ్గర ఫోను లేదు.

అమ్మా, ఉదయకు కనబడుతున్నది నువ్వు కాదు. ఆ వెలుగు చుక్కలు నేను పనిచేసిన వార్డులో చాలామంది చెప్పారు. పాతవాళ్ళు గుర్రపువాతం అనే ఆ మూర్ఛ వచ్చే ముందు అలాగే కనబడుతుంది. తర్వాత మనిషి కొయ్యబారి కొట్టుకుంటుంది. తల్లీ పోతుంది, బిడ్డా పోతుంది. చెంగమ్మత్తా, వింటున్నావా? నీ కోడలు చచ్చిపోతుంది. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నీ మాట ఒక్కటి రాసి పంపి, కదలకుండా నిలబడమని నేనే చెప్పాను. సగమే చదివి చెప్పాను. “జరుగుగాక” అన్న తర్వాత నువ్వు ఇంట్లో కూర్చోలేదు. ఆ రోజుల్లోనే లేచి, కొండసీమకు త్వరగా వెళ్ళావని అదే పేజీలో ఉంది. కడుపుతో ఉండి కొండలెక్కి ఇంకో గర్భిణి దగ్గరికి పోయావు. నిండు నెలల్లో బేత్లెహేముకు పోయావు. బిడ్డను చంపుతారని తెలిస్తే పసికందును ఎత్తుకుని దేశమే దాటావు. ఏ పొలిమేర నిన్ను ఆపింది? బిడ్డను కాపాడుకోవడానికి లేచి పోవడం కూడా నీ నమ్మకమేనని నాకు ఇప్పుడు తెలిసింది.

ఉదయ నా మాట వినదు. నీ మాట వింటుంది. నీ పీఠం దిగి ముందు నువ్వు పొలిమేర దాటమ్మా. నీ వెనక ఆమె వస్తుంది.

సిస్టర్ ఆరోగ్యమేరి

&nbsp;

తిరుపతి ఆసుపత్రి
సెప్టెంబరు 5

ఆరోగ్యమ్మా,

నేను చెంగమ్మని. రాసేది గురవమ్మ. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నా, సోకులు చేయొద్దన్నా.

నీ కాగితం బుధవారం సాయంత్రం చదివినాడు ఉపదేశి. నా పేరు కూడా తీసేయకుండా సదివినాడు. గుడి నిండా జనం నన్నే సూస్తా ఉండారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మఠంలో కూసోని నా కోడలికి సావు రాస్తావా అని. ఉదయ నా పక్కనే ఉండాది. దాని మొగం సూసినా. కండ్లు కనపడనంతగా వాసిపోయి ఉండాది, అది నవ్వతా ఉండాది. “అత్తా, దీపాలన్నీ ఎందుకు ఆర్పేసినారు?” అనింది. దీపాలన్నీ ఎలగతానే ఉండాయి తల్లీ.

అప్పుడు లేసినా. నా మోకాళ్ళు యాడికి పోయినాయో తెలీదు. పీఠం ఎక్కి మాతను ఎత్తుకున్నా. మోచెయ్యంత బొమ్మ, అయినా ఏం బరువమ్మా ఆయమ్మ! ఉపదేశి అడ్డమొచ్చి, “జెండా ఎక్కినాక మాతను గుడి దాటించకూడదు చెంగమ్మా” అన్నాడు. “ఆయమ్మకు పొలిమేర లేదంట, వినలా? నువ్వే కదా సదివింది” అన్నా. ఆటోలో మాతను ఒళ్ళో పెట్టుకున్నా. ఉదయ చెయ్యి తీసుకొచ్చి మాత కాలు పట్టిచ్చినా. “నేనూ వస్తా ఉండాను పా” అని మాత అన్నట్టు నేనే అన్నా. అబద్ధమే. అది మాత కాలు వదలకుండా ఎక్కింది.

పుత్తూరు దాటినాక వచ్చింది వాతం. నువ్వు రాసినట్టే. పండ్లు కరుసుకోని, కొయ్య మాదిరి. కంకణం కండలోకి దిగిపోయి చెయ్యి నల్లంగా అయిపోతా ఉండాది. ముడి రాలా. నా పండ్లతో కొరికి తెంపినా. ఆ పాపం ఉంటే నా నోటికి తగలనీ.

ఆపరేషన్ చేసినారు. ఆడబిడ్డ. అరచేతిలో పట్టేంత. గాజుపెట్టెలో పెట్టి ఉండారు. ఉదయ ఇంకా కండ్లు తెరవలా. పెద్ద డాక్టరమ్మ, “ఒక నెల ముందు ఎందుకు తేలేదమ్మా” అని అడిగింది. నేనేం చెప్పేది? కాళ్ళు వాస్తే మగబిడ్డని చెప్పినోళ్ళం.

మాత ఈడ వార్డు కిటికీలో నిలబడుండాది. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు అందురూ మొక్కతా ఉండారు. నువ్వూ మొక్కు. ఈసారి కాగితం వద్దు, గట్టిగా అరిసి అడుగు.

చెంగమ్మ వేలిముద్ర

&nbsp;

చింతలకుప్పం
అక్టోబరు 16

ఆరోగ్యం,

వరసలు వంకరగా ఉంటే సర్దుకో. కళ్ళకు ఇంకా మంచు పట్టినట్టే ఉంది. మెల్లగా తగ్గుతుందని చెప్పారు. ఈ పేజీ రాయడానికి రెండు రోజులు పట్టింది.

నేను కళ్ళు తెరిచిన మర్నాడు పాప పోయింది. పెట్టెలోంచి తీసి నా ఒళ్ళో పెట్టారు. నాకు చూపు లేదు, చేత్తో చూశాను. ముక్కు మురుగేష్‌ది. వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి, నేతకు బాగా పనికొచ్చేవి. ఇంకా వెచ్చగా ఉంది. నేను ఏడవలేదట, అత్త చెప్పింది. ఇప్పుడు ఏడుస్తున్నాను, మగ్గం దగ్గరికి పోయినప్పుడల్లా.

కంకణం తెంపినందుకే బిడ్డ పోయిందని వీధిలో అన్నారు. మా అత్త వీధి మధ్యలో నిలబడి, “తెంపినందుకు కాదు, తెంపేది ఆలీసమై పోయింది” అని అరిచింది. నిజం అదే. నేను జూలైలో పోయి ఉంటే అది బతికేది. ఇది నువ్వు ఉత్తరంలో కాదనొద్దు, ఓదార్చొద్దు. నాకు తెలుసు. నువ్వు సగం వాక్యం పంపావు, నేను దాన్నే గోడకు అంటించుకున్నాను. ఇద్దరిదీ ఉంది అందులో. అయినా నీమీద కోపం లేదు. ఇప్పుడు ప్రాణంతో ఉండి రాస్తున్నానంటే మిగతా సగం నువ్వు పంపినందుకే.

మీ అమ్మ ఆ పాత పటం తెచ్చి చూపించింది. సిలువ మీది నుంచి దించిన కొడుకును మాత ఒళ్ళో పెట్టుకుని కూర్చుందే, ఆ పటం. చిన్నప్పుడు నేను భయపడి కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడు మసకగా కనబడినా చాలాసేపు చూశాను. ఇన్నాళ్ళూ నేను ఆమెను బిడ్డ అమ్మను అడిగినట్టు అది ఇవ్వు, ఇది ఇవ్వు అని అడిగాను. ఇప్పుడు ఏమీ అడగడం లేదు. సాయంత్రం గుడికి పోయి ఆమె పక్కన కూర్చుంటున్నాను, అంతే.

చీర గురించి అడిగావు. మగ్గం మీద సగమే ఉండిపోయింది. పాప పోయిన రోజు అత్త ఊరికి పోయి, ఆ మోకాళ్ళతోనే గుంటలోకి దిగి, పడుగు కోసి, నేసినంత గుడ్డ తీసుకుని వచ్చింది. అంచు వంకర పోయిన చోటు పాప మెడ దగ్గరికి వచ్చిందట. అందులోనే చుట్టి పూడ్చారు.

ఈ ఏడు మాత పాత చీరతోనే ఉంది. కొత్తది నా బిడ్డ కట్టుకుంది.

ఉదయ